శ్రుతి తప్పే యంత్రాలంటే ఎందుకంత మోజు?

ఖరగ్‌పూర్‌లో మే నెల ఎండ ఎలా ఉంటుందో అక్కడివారికి చెప్పనక్కర్లేదు. పొద్దున్న 28 డిగ్రీలున్న గది మధ్యాహ్నానికి 41కి చేరడం వింతేమీ కాదు. అలాంటి రోజున ఝపటాపూర్‌లో ఏ రైల్వే కుటుంబం ఇంట్లోనో 1970ల నాటి అనలాగ్ సింథసైజర్ ఒకటి ఉందనుకుందాం. ఉదయం దాన్ని శ్రుతి చేసి, భోజనాల వేళకు మళ్లీ వాయిస్తే ఏమవుతుంది? ఉష్ణోగ్రతకు తగ్గ సర్దుబాటు లేని సర్క్యూట్ అయితే లెక్క తేలికగానే తేలుతుంది.

ఈ యంత్రంలో మీట నొక్కితే ఒక వోల్టేజీ పుడుతుంది. రాబర్ట్ మూగ్ 1964లో రూపొందించిన పద్ధతిలో ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి, అంటే సా నుంచి పై సా దాకా, ఎక్కాలి. స్థాయి ఎక్కడమంటే సెకనుకు కంపనాల సంఖ్య రెట్టింపు కావడం. వోల్టేజీ ఒకటి, రెండు, మూడు అని పెరుగుతుంటే కంపనాలు రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు కావాలి. ఈ పనిని ట్రాన్సిస్టర్ తన స్వభావం కొద్దీ చేసిపెడుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర దానికి సుమారు 18 మిల్లీవోల్టులు అదనంగా అందిస్తే దానిగుండా పారే కరెంటు రెట్టింపవుతుంది. చిక్కంతా ఆ 18 దగ్గరే ఉంది. అది పరమ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, డిగ్రీకి దాదాపు 0.33 శాతం చొప్పున. సంగీతంలో ఒక స్థాయిని 1200 సెంట్లుగా కొలుస్తారు. కాబట్టి డిగ్రీకి 4 సెంట్లు, 13 డిగ్రీలకు 52 సెంట్లు. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లే. అంటే పొద్దున్న సరిగ్గా పలికిన పై సా, మధ్యాహ్నానికి తనకూ కింది నిషాదానికీ నడుమ, ఏ పేరూ లేని చోట తేలుతుంది.

తయారీదారులకు ఈ సంగతి తెలుసు. వేడి పెరిగిన కొద్దీ అదే నిష్పత్తిలో నిరోధం పెరిగే ప్రత్యేక రెసిస్టర్లను పెట్టి చాలావరకు సరిదిద్దారు. అయినా పూర్తిగా లొంగలేదు. 1970లో వచ్చిన మినీమూగ్ తొలి నమూనాలు ఈ విషయంలో పేరుమోసినవే. వాయించేవారు కచేరీకి అరగంట ముందే స్విచ్చి వేసి, పెట్టె వేడెక్కి నిలకడకు వచ్చేదాకా కాచుకునేవారు. పాటకూ పాటకూ మధ్య మళ్లీ శ్రుతి చూసుకునేవారు.

1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. అందులో స్వరాన్ని అంకెలే పుట్టిస్తాయి, ఎండకూ వానకూ మారదు. అదే ఏడాది వేర్వేరు కంపెనీల వాయిద్యాలను కలిపే మిడి ప్రమాణం కూడా వచ్చింది. స్టూడియోలు అనలాగ్ పెట్టెలను మూలన పడేశాయి, కొన్ని కారుచౌకగా అమ్మేశాయి. తర్వాత నలభై ఏళ్లలో కథ తిరగబడింది. అప్పట్లో ఎవరికీ అక్కర్లేని యంత్రాలకు ఇప్పుడు లక్షల రూపాయల ధర పలుకుతోంది. ఇందులో కొంత శుద్ధ ఫ్యాషన్, కొంత వ్యాపారం. అరుదైన వస్తువును గదిలో అలంకారంగా పెట్టుకుని, ఏడాదికి ఒకసారి దుమ్ము దులిపేవారు సంగీతానికి చేసేదేమీ లేదు. కానీ మిగిలిన ఇష్టం నిజమైనదే. దానికి సాధారణంగా చెప్పే కారణమే సరైనది కాదు.

ఆ కారణం పేరు ‘వెచ్చదనం’. అనలాగ్ శబ్దం వెచ్చగా ఉంటుందనీ, డిజిటల్ చల్లగా ఉంటుందనీ అంటారు. ఈ మాటతో దేన్నీ కొలవలేం. కొలవగలిగినవి వేరే ఉన్నాయి: స్వరం ఎంత అటూఇటూ కదులుతోంది, ఫిల్టర్ పై అనుస్వరాలను ఎంత కోసేస్తోంది, సర్క్యూట్ తనంతట తాను ఏ కొత్త అనుస్వరాలను చేరుస్తోంది, రొద ఎంత. వీటిని లెక్కకట్టి కంప్యూటర్ ప్రోగ్రాముగా రాస్తే నకలు చాలా దగ్గరగా వస్తుంది. నేటి సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు ఆ పనే చేస్తున్నాయి. శ్రుతి జారడాన్ని కూడా యాదృచ్ఛిక సంఖ్యలతో అనుకరిస్తున్నాయి. పూర్తి అమరికతో సాగే పాటలో ఏది పాత పెట్టె, ఏది ప్రోగ్రాము అని విని చెప్పడం చాలామందికి కష్టం.

అయినా ఆ కదలిక చెవికి ఎందుకు ఇంపుగా ఉంటుందనేది మంచి ప్రశ్నే. దానికి జవాబు తెలుగు ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. తంబురాలో పంచమం, మంద్రం నడుమ సారణి, అనుసారణి అని రెండు తీగలుంటాయి. రెంటినీ ఒకే సా మీద నిలుపుతారు. ఎంత జాగ్రత్తగా తిప్పినా పిసరంత తేడా మిగులుతుంది. ఒకటి 440 సార్లు, ఇంకొకటి 441 సార్లు కంపిస్తే సెకనుకు ఒకసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. భౌతికశాస్త్ర పాఠాల్లో వీటినే విస్పందనాలంటారు. అనలాగ్ సింథసైజర్‌లో రెండు ఆసిలేటర్లను ఒకే స్వరానికి పెట్టినప్పుడు జరిగేదీ ఇదే. రెండూ వేర్వేరు ట్రాన్సిస్టర్లు, వేర్వేరుగా వేడెక్కుతాయి. వాటి మధ్య తేడా క్షణక్షణం మారుతూ ఉంటుంది కాబట్టి ఉబ్బి తగ్గే లయ కూడా ఒక్కలా ఉండదు.

తంబురా నాదం ఎందుకంత నిండుగా ఉంటుందనే విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారు సి.వి. రామన్. విశాఖపట్నంలో బాల్యం గడిపిన రామన్, కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పనిచేస్తూ 1921లో భారతీయ తీగ వాయిద్యాలపై ఒక పత్రం ప్రచురించారు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, అక్కడ నిశ్చలంగా ఉండే అనుస్వరాలు పలకకూడదని పాత సూత్రం చెబుతుంది. తంబురా, వీణల్లో అవి కూడా పలుకుతున్నాయని ఆయన గమనించారు. తీగ ఆనుకునే గుర్రం పైభాగం కత్తి అంచులా కాక వెడల్పుగా, వంపుగా ఉండటమే అందుకు కారణం. తీగ దాన్ని తాకుతూ వదులుతూ కంపిస్తుంది. పాశ్చాత్య తీగ వాయిద్యాల కొలతతో చూస్తే అది గరగర, దోషం. ఇక్కడ దాన్నే పెంచి పోషించారు, తీగ కింద దారం దూర్చి మరీ సరిచేశారు. యంత్రంలో తప్పుగా కనిపించేదాన్ని చెవి పట్టుకుని నాదంగా మార్చుకోవడం ఇక్కడివారికి కొత్త కాదు.

రోలండ్ టీఆర్-808 డ్రమ్ యంత్రం కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1980లో వచ్చిన ఆ పెట్టెలో తాళాల చప్పుడుకు కావలసిన సరసర శబ్దం కోసం, తయారీ పరీక్షలో తప్పిన ట్రాన్సిస్టర్లను కంపెనీ ఏరికోరి వాడింది. సెమీకండక్టర్ల తయారీ మెరుగుపడి అలాంటి లోపపు ట్రాన్సిస్టర్లు దొరకడం మానేశాక ఆ యంత్రం తయారీ ఆగిపోయింది. నాణ్యత పెరిగి ఒక వాయిద్యం అంతరించింది!

తొలి డిజిటల్ శాంప్లర్ల రుచి దీనికి భిన్నం. వాటిలో స్వరం జారదు, కానీ జ్ఞాపకం చాలదు. శాంప్లర్ అంటే బయటి శబ్దాన్ని అంకెలుగా మింగి, మీట నొక్కినప్పుడు ఆ మీటకు తగిన శ్రుతిలో తిరిగి పలికే యంత్రం. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ సీఎంఐ ఒక ఇంటి ఖరీదు చేసేది. 1980ల నడుమ వచ్చిన ఎన్సోనిక్ మిరాజ్ 1,700 డాలర్లకు లోపే దొరికింది. రెండూ 8 బిట్ యంత్రాలే. శబ్ద తీవ్రతను కొలవడానికి వాటి దగ్గర 256 మెట్లే ఉంటాయి. 12 బిట్లకు 4,096, సీడీలో వాడే 16 బిట్లకు 65,536. మెట్లు తక్కువైతే శబ్దం సన్నగిల్లేచోట గరుకుదనం బయటపడుతుంది. వీణ మీటి తీగ ఆగేదాకా వింటే, చివర్లో నాదం మాయమయ్యే బదులు ఇసుక రాలినట్టు వినిపిస్తుంది.

1987 నాటి ఈ-ము ఎస్పీ-1200 మొత్తం కలిపి పది సెకన్ల శబ్దాన్నే దాచుకోగలదు. సెకనుకు సుమారు 26,000 నమూనాలు తీస్తుంది, కాబట్టి 13,000 హెర్ట్‌జ్‌కు పైనున్నది దానికి పట్టదు. పది సెకన్లు చాలని న్యూయార్క్ కుర్రాళ్లు ఒక ఉపాయం పన్నారు. 33 వేగంతో తిరగాల్సిన ఎల్పీ రికార్డును 45 వేగంతో తిప్పి ఎక్కించారు. పదమూడున్నర సెకన్ల సంగీతం పది సెకన్లలో ఇమిడింది. తర్వాత యంత్రంలో శ్రుతి దించి అసలు వేగానికి తెచ్చారు. ఆ దించడంలో యంత్రం నమూనాలను మోటుగా సాగదీస్తుంది, అసలు శబ్దంలో లేని పౌనఃపున్యాలు కొన్ని దొంగచాటుగా చేరతాయి. ఇంజినీర్లు ఏలియాసింగ్ అని పిలిచి తరిమేయాలని చూసేది దీన్నే. హిప్‌హాప్ డ్రమ్ములకు ఆ గరుకు కోరగా వచ్చింది కాదు. జాగా చాలక వచ్చింది, వచ్చాక నచ్చింది.

పిల్లల ఆటవస్తువుగా అమ్ముడైన క్యాసియో ఎస్కే-1 సంగతి చెప్పకపోతే ఈ ముచ్చట పూర్తికాదు. సెకనుకు 9,380 నమూనాలు, ఒకటిన్నర సెకన్ల కంటే తక్కువ నిడివి. అందులో ‘అమ్మా’ అని ఒకసారి పలికితే, ఆ పిలుపు మీట మీట కూ ఒక స్వరంగా మారి సరళీ స్వరాలు పాడేది. నమూనా సిద్ధాంతాన్ని ఇంత నవ్విస్తూ నేర్పిన పరికరం మరొకటి లేదేమో.

ఈ యంత్రాల్లో సంగీతకారుడికి దొరికే ఆనందం మొదట ఇక్కడ ఉంది: హద్దులు ముందే తెలిసిపోతాయి. మినీమూగ్‌కు జ్ఞాపకశక్తి లేదు. ఒక శబ్దం నచ్చితే గుండీలన్నీ ఎక్కడున్నాయో కాగితం మీద రాసుకోవాలి, మర్నాడు అలాగే తిప్పినా అదే రాదు. దాంతో వాయించేవాడు ఆ పూట దొరికిన శబ్దాన్ని ఆ పూటే వాడుకుంటాడు. వేల శబ్దాలున్న ప్రోగ్రాము ముందు కూర్చున్నవాడు గంటసేపు వెతుకుతాడు, ఒక్కటీ వాయించడు. పది సెకన్లే ఉన్నవాడు ఏ పది సెకన్లో తేల్చుకోక తప్పదు. రెండోది చేతి సంగతి. గుండీ తిప్పినచోటే శబ్దం మారుతుంది, ఏ గుండీ ఏం చేస్తుందో వేళ్లకు గుర్తుంటుంది. హార్మోనియం తిత్తిని ఊపే చేతికి ఎంత గాలి కావాలో తెలిసినట్టే ఇదీ.

హార్మోనియం పేరెత్తితే పాత తగవు గుర్తొస్తుంది. దాని మీటలు స్వరాల మధ్య జారలేవని, గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరంగా ఉంచింది. అనలాగ్ సింథసైజర్ ఆ ఫిర్యాదుకు ఒక జవాబు తెచ్చింది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు, ఎడమచేతి వేళ్లతో స్వరాన్ని వంచే చక్రం అందులో ఉన్నాయి. కీబోర్డు మీద కర్ణాటక సంగీతం వినిపించే కె. సత్యనారాయణన్ వంటివారు గమకాలు పలికించేది ఆ చక్రంతోనే. మీట చేయలేనిది చక్రం చేస్తుంది.

ఇదంతా పడమటి కథ అనుకునేవారికి దేశంలోని పాత సంగతులు కొన్ని చెప్పాలి. 1954లో ‘నాగిన్’ హిందీ చిత్రంలో దేశమంతా విన్న నాగస్వరం బూర నుంచి రాలేదు. హేమంత్ కుమార్ సంగీతంలో కల్యాణ్‌జీ దాన్ని క్లావియోలిన్ అనే ఫ్రెంచి ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద పలికించారు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో మొదలైంది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నిలబెట్టారు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అందులో పనిచేశారు. కొద్ది ఏళ్లకే అది మూతపడింది. వాళ్లు చేసిన టేపులు సంస్థ భాండాగారంలో నలభై ఏళ్లకు పైగా పడి ఉన్నాయి. 2017లో బ్రిటన్ కళాకారుడు పాల్ పర్గాస్ వాటిని చూసేదాకా అలాంటి అధ్యాయం ఉందని బయటి ప్రపంచానికి దాదాపు తెలియదు. 2023లో అవి రికార్డుగా విడుదలయ్యాయి. టేపులు పొడిగా, భద్రంగా ఉండబట్టి సరిపోయింది.

చరణ్‌జీత్ సింగ్ కథలో అదృష్టం పాలు ఇంకా ఎక్కువ. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో గిటారు వాయించిన ఆయన, రోలండ్ వారి జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 పెట్టెలతో పది రాగాలను డిస్కో లయలో కట్టి 1982లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ద్వారా రికార్డు తెచ్చారు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. టీబీ-303 కూడా అమ్ముడుపోక 1984లో ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరికిన ఆ పెట్టెతోనే చికాగో యువకులు 1987లో ‘యాసిడ్ హౌస్’ అనే కొత్త నృత్య సంగీతం పుట్టించారు. 2010లో చరణ్‌జీత్ రికార్డు మళ్లీ విడుదలయ్యాక విన్నవారు నిర్ఘాంతపోయారు: ఐదేళ్ల ముందే బొంబాయిలో ఆ శబ్దం ఉంది. ఆయన్ను యాసిడ్ హౌస్ పితామహుడనడం అతిశయోక్తి, ఎందుకంటే చికాగోవారు ఆయన్ను విన్నారనడానికి ఆధారం లేదు. చెప్పుకోవలసింది వేరే ఉంది. స్వరం నుంచి స్వరానికి జారే గుణమున్న యంత్రం చేతిలో పడితే, రాగం తెలిసిన చెవి దాన్ని వెంటనే ఎక్కడికి తీసుకెళ్లిందన్నదే అసలు సంగతి.

తెలుగు చెవులకు ఈ శబ్దాలు మద్రాసు నుంచి వచ్చాయి. ‘డాన్స్ మాస్టర్’ పేరుతో తెలుగులోకి వచ్చిన ఇళయరాజా తమిళ చిత్రం ‘పున్నగై మన్నన్’ 1986లో కంప్యూటర్ సీక్వెన్సర్ వాడకానికి ప్రసిద్ధి. రాజ్-కోటి, రమేశ్ నాయుడు వంటి తెలుగు సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన యువకుడే 1992లో ‘రోజా’తో ఎ.ఆర్. రెహమాన్‌గా అందరికీ తెలిశాడు. బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురాను తయారుచేశారు. ఆ పెట్టె ఇవాళ ఎన్నో కచేరీ వేదికల మీద కనిపిస్తుంది.

హౌరా నుంచి వాల్తేరు వెళ్లే రైలుమార్గం మీద ఉన్న ఖరగ్‌పూర్‌కు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే ఉత్తరాంధ్ర కుటుంబాలు వలస వచ్చాయి. ఝపటాపూర్ వంటి పేటల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఇలాంటి రైల్వే ఊళ్ల పందిళ్లలో పాటకచేరీ అంటే వయొలిన్లు, ఫ్లూటు, నాగస్వరం అన్నీ ఒకే కీబోర్డులో నుంచి రావాలి. సినిమా పాట ఊరికి చేరింది అలాగే. ఆ కీబోర్డుల మీద ఎవరూ పుస్తకాలు రాయలేదు. సంపన్నులు పోటీపడి కొనే పేరున్న యంత్రాలను ప్రపంచంలో ఎవరో ఒకరు బాగుచేసి కాపాడతారు. పోయేవి ఈ మామూలు పెట్టెలే. వాటితో పాటు వాయిద్యకారులు సొంతంగా ఎక్కించుకున్న డోలు, సన్నాయి, తప్పెట నమూనాలు, ఫ్లాపీల్లో దాచుకున్న లయలు పోతాయి.

పోయే తీరు కూడా శాస్త్ర విషయమే. పాత యంత్రాల్లో గుండీల అమరికలను గుర్తుంచుకోవడానికి లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. కోర్గ్ పాలీసిక్స్‌లో ఉన్నటువంటి నికెల్-క్యాడ్మియం బ్యాటరీ ముసలిదైతే క్షారం కారి, బోర్డు మీది రాగి దారులను తినేస్తుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఆవిరవుతుంది. ఫ్లాపీ మీది అయస్కాంత పూత తేమకు బూజు పడుతుంది. బెంగాల్ వానాకాలం ఎవరి కోసమూ ఆగదు.

ఖరగ్‌పూర్‌లో ఈ పనికి కావలసినవి రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఒకవైపు తరాల తరబడి యంత్రాలు విప్పి బిగించిన రైల్వే వర్క్‌షాపు చేతులు. మరోవైపు 1951లో మొదలైన ఐఐటీ. దాని తొలి భవనమైన పాత హిజ్లీ నిర్బంధ శిబిరంలో నెహ్రూ విజ్ఞాన సాంకేతిక మ్యూజియం ఉంది. కోల్‌కతాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి సి.వి. రామన్ పేరిట భౌతికశాస్త్రం, సంగీతాలకు ఒక కేంద్రమే ఉంది. ఊళ్లోని పాత కీబోర్డులను సేకరించి, వాటిలోని శబ్దాలను నకలు తీసి, కొన్నింటిని మ్యూజియంలో సందర్శకులు వాయించేలా ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అద్దాల పెట్టెలో పెట్టి ‘ముట్టరాదు’ అని రాస్తే మాత్రం లాభం లేదు. మొదటి ఏడాది విద్యార్థికి ట్రాన్సిస్టర్ సమీకరణం బోర్డు మీద రాసి చూపించడం కంటే, ఆసిలేటర్ మీద వెచ్చటి గాలి ఊది సా ఎలా కిందికి జారుతుందో వినిపించడం మేలు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. పేద వాయిద్యకారుడికి కావలసింది నమ్మకంగా పనిచేసే పరికరం. పెళ్లిలో మధ్యలో ఆగిపోయే యంత్రం చరిత్రాత్మకమైనదని సంబరపడితే ఆ రోజు కూలి రాదు. నిజమే. అందుకే పాతవాటిని వేదిక మీదికి తిరిగి తెమ్మని ఎవరూ బలవంతం చేయకూడదు. కొత్త ఫోన్‌లో ఉచితంగా దొరికే ప్రోగ్రాముతో పాట కట్టే కుర్రవాడు తక్కువవాడు కాదు. కాకపోతే ఆ ప్రోగ్రాము తెర మీద కనిపించే గుండీల బొమ్మలు, అది అనుకరించే జారుడు, గరుకు అన్నీ ఏ పెట్టెల నుంచి వచ్చాయో అతను ఒకసారైనా చేత్తో తిప్పి చూడగలగాలి.

అటక మీద అలాంటిది ఉన్నవారు కిందికి దించగానే ప్లగ్గు పెట్టకూడదు. ముందు బయటి బ్యాటరీల అర తెరిచి, ఉబ్బినవీ కారినవీ ఉంటే చేతికి తొడుగు వేసుకుని తీసేయాలి. లోపలి బోర్డు మీది బ్యాటరీని, పవర్ సప్లయి కెపాసిటర్లను ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవారితోనే చూపించాలి, ఎందుకంటే ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉండవచ్చు. జ్ఞాపకంలో ఏమైనా శబ్దాలు మిగిలి ఉంటాయనుకుంటే బ్యాటరీ మార్చే ముందే వాటిని క్యాసెట్‌కో కంప్యూటర్‌కో ఎక్కించుకోవాలి, లేకపోతే బ్యాటరీతో పాటే అవీ పోతాయి. ఫ్లాపీల మీద బూజు కనిపిస్తే డ్రైవ్‌లో పెట్టకుండా శుభ్రం చేయించాలి, బూజు రేణువులు చదివే తలను గీరి పక్క ఫ్లాపీలను కూడా పాడుచేస్తాయి. ఈ పనులన్నీ అయ్యాక యంత్రాన్ని అరగంట వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే శ్రుతి చూడాలి.